మట్టిరాజు తల దగ్గర

ధర్మపురికి వెళ్తున్నానంటే మా కదిరిలో నలుగురూ గోదావరి స్నానం చేసి రమ్మన్నారు. ఆ ధర్మపురి వేరు, ఇది వేరని చెప్పీ చెప్పీ విసుగొచ్చి, చివరికి "సరే, మీ పేరు చెప్పి ఒక మునక వేస్తాలే" అని బయల్దేరాను. నేను వెళ్లింది తమిళనాడులో ఉన్న ధర్మపురికి. మే నెలలో అక్కడ మునగడానికి చెమట తప్ప మరేమీ లేదు.

నేను హార్మోనియం వాయిస్తాను. ముప్పై ఏళ్లుగా పద్యనాటకాలకు వాయిస్తూనే ఉన్నాను. రెండేళ్ల కిందట బెంగుళూరులో ఒక నాటక శిబిరంలో మల్లిగ అనే అమ్మాయి పరిచయమైంది. ధర్మపురి జిల్లా పిల్ల, ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఇంజనీరింగ్ చదివి, ఆ ఉద్యోగం మానేసి నాటకాలాడిస్తోంది. ఏప్రిల్లో ఫోన్ చేసింది.

"సార్, మా కూత్తులో పెట్టె వాయించే ఆయప్ప ఈ దపా వేరే ఊరికి పోయినాడు. మీరు వస్తారా? ఒగ దినమే. నాయనకు గొంతులో గడ్డ. పడుకళం అయినాక పదో దినం ఆపరేషన్. గొంతు తీసేస్తారంట."

కూత్తు అంటే అక్కడి వీధినాటకం. ఎండాకాలంలో, పొలాలు ఖాళీగా ఉన్నప్పుడు, పద్దెనిమిది రోజులు ఒకే యుద్ధం కథ ఆడతారు. ఆఖరి రోజు పొద్దున నేల మీద ముప్పై అడుగుల మట్టిరాజును పడుకోబెడతారు. ఆ రోజునూ, ఆ చోటునూ కూడా పడుకళం అంటారు. రాజు తొడ పగలగొట్టాక రాజు భార్య వచ్చి ఏడుస్తుంది. ఆ వేషం ముప్పై ఏళ్లుగా మల్లిగ తండ్రి చిన్నసామిది. కూత్తంతా తమిళమే గానీ, సగం తెలుగు ఇళ్లున్న ఆ ఊళ్లో ఈ ఒక్క ఏడుపు మాత్రం తెలుగు. ఆ పాట ఎక్కడా రాసి లేదు. ఆయన నోట్లోనే ఉంది.

చెట్టికరై దారిలో గోదాము

మల్లిగ బృందం సాధన చేసేది చెట్టికరై వెళ్లే దారిలో మూతబడిన ఒక మామిడి గుజ్జు గోదాములో. ఫ్యాక్టరీ మూసి ఎన్నేళ్లయిందో గానీ లోపల అడుగు పెడితే ఇంకా పులిసిన మామిడి వాసనే. వేసవి సెలవుల్లో పక్కనున్న ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు సొంత ఊళ్లకు వెళ్లిపోతారు కదా, మరి నాటకాలు చూసేదెవరని అడిగాను. "వెళ్లనోళ్లు చూస్తారు సార్" అంది మల్లిగ.

ఆ వారంలో ఊళ్లో ఇలాంటివి నాలుగైదు జరుగుతున్నాయి. ఒకాయన బస్టాండు పక్కన బల్ల వేసి అరగంటసేపు చొక్కాలు ఇస్త్రీ చేస్తూ ఒక్కో చొక్కా యజమాని కథ చెప్పాడు. నాకు తమిళం అంతంత మాత్రం. అయినా చివరి చొక్కా మడిచి ఎవరికీ ఇవ్వకుండా సంచిలో పెట్టుకున్నప్పుడు అది ఎవరిదో అర్థమైంది. మా వైపు నాటకమంటే తెర ఎప్పుడు లేస్తుందా అని చూస్తాం. ఇక్కడ తెరే లేదు, ఎప్పుడు మొదలైందో పక్కవాణ్ణి అడగాలి. వచ్చిన రోజు కొంచెం సణిగాను. రెండో రోజుకు అలవాటు పడ్డాను. టీ పన్నెండు రూపాయలు, చిక్కగా ఉంటుంది. సెందూరం మామిడిపళ్లు కిలో నలభైకే దొరికాయి, తిన్నన్ని తిన్నాను.

మల్లిగ నాటకంలో ఎనిమిది మంది. యుద్ధంలో భర్త ఓడి చచ్చిన మర్నాడు ఒక ఆడమనిషి ఏం చేస్తుందన్నదే కథ. లేస్తుంది, గిన్నెలు తోముతుంది, వాకిలి ఊడుస్తుంది, ఆ తర్వాత శవాన్ని వెతుక్కుంటూ వెళ్తుంది. మాటల్లేవు. సాధన నడుస్తూ నడుస్తూ ఒకచోట అందరూ ఆగి, నేల మీద కూర్చుని, నీళ్లు తాగారు. ఒకడు సెల్లు చూసుకుంటున్నాడు.

"ఇదేమిటమ్మా?" అన్నాను.

"ఇక్కడ నాయన గొంతు వస్తాది సార్. ఇంకా మా దగ్గర లేదు. అందుకే ఖాళీ పెట్టినాము."

ఇన్నేళ్లలో ఎవరూ రికార్డు చేయలేదా అని అడిగాను. ఆ ఏడుపు మైకులో పాడరట. మట్టిరాజు చెవి దగ్గర నోరు పెట్టి, వంగి పాడతారట. జనంలోంచి తీసిన వీడియోల్లో మద్దెల మోత, పిల్లల అరుపులు తప్ప మరేమీ లేవు. ఊరివాళ్లెవరూ రాజు తల దగ్గరికి పోకూడదు, వాద్యగాళ్లే కూర్చోవాలి. నన్ను పిలిచింది శ్రుతి కోసమే కాదని అప్పుడు అర్థమైంది.

సేలంలో స్నేహితుడి దగ్గర చిన్న రికార్డింగ్ మిషను ఉంది, తెప్పిస్తానంది. "ఎందుకమ్మా, టేపురికార్డర్ల కాలం నుంచి ఈ పనిలో ఉన్నవాణ్ణి. నా ఫోను కొత్తది" అన్నాను. ఈ మాట నేనే అన్నాను. ఎవరూ నాచేత అనిపించలేదు.

కడత్తూరు దగ్గర ఒక ఇల్లు

మల్లిగ వాళ్ల ఊరు కడత్తూరు సంతకు కొంచెం దూరం. రెండు గదుల ఇల్లు, ముందు రేకుల పంచ. చిన్నసామి అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తున్నాడు. మెడకు తడి తువ్వాలు. మాట బొంగురుగా, ఒక్కో ముక్కగా వస్తోంది.

"రాండి సామీ, కూసోండి. మీరు మాట్లాడేది వింటే మా తాత మాట్లాడినట్లే ఉండాది."

నిజమే. కోస్తా వైపు వెళ్తే నా యాసకు నవ్వుతారు. తమిళనాడులో ఒక కూలివాడి పంచలో నా యాస నాకు ఎదురొచ్చింది. ఆయన భార్య రాజమ్మ రాగి ముద్ద, గోంగూర పెట్టింది. ముద్దను వాళ్లు కళి అంటారు, మేం సంగటి అంటాం. ఏ పేరైతేనేం, రెండు తిన్నాను.

తిన్నాక పెట్టె తెరిచి, "అన్నా, రెండు లైన్లు పాడితే శ్రుతి చూసుకుంటాను" అన్నాను.

రాజమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. "ఇంట్లోనా?" అంది.

"ఇంట్లో పాడరాదు సామీ" అన్నాడు చిన్నసామి మెల్లిగా. "అది సావు పాట. మట్టిరాజు మీదనే పాడాల. ఏడాదికి ఒగ దపా. మా నాయన నాకు నేర్పించిందీ ఆ మట్టి మీదనే. పక్కన కూసోబెట్టుకొని, పదేండ్లు వినిపించినాడు."

ఆడపిల్ల కాబట్టి మల్లిగను ఆ పక్కన కూర్చోబెట్టుకోలేదు. ఆ సంగతి ఆయన చెప్పలేదు, మల్లిగ కూడా ఎత్తలేదు. గుమ్మంలో నిలబడి వింటోంది.

నేను ఊరుకోవచ్చు కదా. "మా దగ్గరైతే శ్మశానం సీను పద్యాలు పెళ్లిళ్లలో కూడా పాడిస్తారన్నా. బాగుంటే వన్స్ మోర్ అంటారు" అన్నాను.

"అంటే?"

"మళ్లీ పాడమని."

"ఏడ్సే పాటకు గూడానా?"

"ఏడుపు పాటకే ఎక్కువ."

ఆయన భార్య వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వుకు దగ్గొచ్చింది, చాలాసేపు తగ్గలేదు. "మీ ఊరోళ్లు పుణ్యం చేసుకున్నారు సామీ. మీ దగ్గర సచ్చినోడు మళ్లా మళ్లా లేస్తాడు."

శ్రుతి ఏదో నా పెట్టె మీద మెట్టు నొక్కి చూపించాడు. తాళం మాత్రం, నోరు మూసుకుని, చూపుడువేలితో మోకాలి మీద వేసి చూపించాడు. వేలు కాసేపు పరిగెత్తి, ఒకచోట నిలబడి, మళ్లీ నెమ్మదిగా నడిచింది. మల్లిగ కళ్లు ఆ వేలి మీదే ఉన్నాయి.

తీర్థమలై

మర్నాడు రాజమ్మ కొండెక్కుతానంది. తీర్థమలైలో రాతి మీంచి సన్నగా కారే నీళ్లు గొంతుకు మంచివని ఎవరో చెప్పారట. మల్లిగ, నేను వెంట వెళ్లాం. సగం మెట్లు ఎక్కేసరికి నా మోకాళ్లు మొరాయించాయి. కూర్చుని అరటిపండు తీశానో లేదో కోతి వచ్చి పండుతో పాటు కళ్లద్దాల పెట్టెనూ లాక్కుపోయింది. అది తెరిచి చూసి, లోపల ఏమీ లేదని నా మీదికే విసిరికొట్టింది. రాజమ్మ నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

తర్వాత తనే మొదలుపెట్టింది. "ఆయన వేషం కట్టేది నా పెండ్లి చీరతోనే సార్. ముప్పై ఏండ్లు నా చీర కట్టుకొని, నా ఎదురుగానే మొగుడు పోయినాడని ఏడ్సినాడు. నేను తల వంచుకొని నేల చూస్తాను. ఒగ దపా గూడా తలెత్తి చూడలేదు."

"భయమా అమ్మా?"

"భయం కాకుండా ఎట్ల? చీర నాది గదా."

బాటిల్లో నీళ్లు పట్టడానికి పావుగంట పట్టింది. ధార దారంలా ఉంది. బాటిల్ నిండుతుంటే అంది, "గొంతు పోతే పోనీ. మనిషి మిగిలితే సాలు. బిడ్డకే ఆ ఏడుపు కావాల. వద్దంటే వినదు."

మల్లిగ కొంచెం పైమెట్టు మీద కూర్చుని ఉంది. విన్నట్టే ఉంది. దిగేటప్పుడు నాతో మాత్రం అంది, "సార్, ఆపరేషన్ అయినాక నాయన ఉంటాడు. కానీ నన్ను పేరు పెట్టి పిలిచేది ఉండదు. ఆ పాటలో ఒగచోట బిడ్డను తలుసుకొని 'నా బిడ్డా' అని వస్తాది. అది నాకు కావాల."

అప్పుడైనా ఆ మిషను తెప్పించమని చెప్పాల్సింది.

పడుకళం

పొద్దున ఎనిమిదికే ఎండ మాడ్చేస్తోంది. ఎండిన చెరకు మడిలో మట్టిరాజు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఎర్ర మొహం, కోరమీసాలు, నా నడుమంత ఎత్తు ముక్కు. జనం ఇసుక వేస్తే రాలనంత. సజ్జ అంబలి, పచ్చిమిరపకాయ, ఉల్లిగడ్డ అందరికీ పంచుతున్నారు. కులమేమిటని ఎవరూ అడగలేదు, మూడు లోటాలు తాగాను.

వాద్యగాళ్లతో పాటు రాజు తల దగ్గర కూర్చున్నాను. అక్కడ పందిరి లేదు, రాజుకు నీడ ఉండకూడదట. పరీక్షించి చూద్దామని ఫోను ముందే తీసి పెట్టె మీద పెట్టాను. కాసేపు మద్దెల రికార్డు చేసి విన్నాను, అద్దంలా ఉంది. దూరంగా ఆడవాళ్ల మధ్య నిలబడిన మల్లిగకు చెయ్యెత్తి చూపించాను. ఆమె రెండు చేతులూ జోడించింది.

పదకొండు దాటాక గద పట్టుకున్న వేషం వచ్చి, రంకెలు వేస్తూ మట్టిరాజు తొడ మీద కొట్టింది. లోపల దాచిన కుండ పగిలి ఎర్రనీళ్లు చిమ్మాయి. జనం కేక పెట్టారు. ఆ కేక అణిగేలోగా మద్దెల ఆగింది. చిన్నసామి వచ్చాడు.

లక్కలాంటి ముదురెరుపు పాత పట్టుచీర, జుట్టు విరబోసి, ఒక చేతిలో చేట. నడకలో ఆయన లేడు. నాటకాల్లో స్త్రీవేషాలు నేను వందల్లో చూశాను. నడుము తిప్పుడు, చెయ్యి విరుపు, ఏదో ఒకటి పట్టిస్తుంది. ఇక్కడ పట్టించేదేదీ లేదు. పొద్దున్నుంచీ భర్త కోసం వెతుక్కుంటున్న ఒక ముసలి మనిషి అంతే. నేను రికార్డు మీట నొక్కి, శ్రుతి పట్టాను. ఆమె మోకాళ్ల మీద కూలబడి, ఆ మట్టిచెవి దగ్గర నోరు పెట్టింది.

మాట్లాడేటప్పుడు ముక్కలయ్యే ఆ గొంతు పాటలో ముక్కలు కాలేదు. ఎలాగో నాకు తెలియదు. ఏం కూర వండమంటావని అడిగింది. మంచం ఎక్కడ వేయమంటావని అడిగింది. "నా బిడ్డా" అన్న చోట పాట నిలబడిపోయింది, మళ్లీ నెమ్మదిగా నడిచింది. నా కళ్లు కనబడడం మానేశాయి. వేళ్లు వాటంతట అవే మెట్ల మీద ఉన్నాయి.

పాట అయిపోయింది. కళ్లు తుడుచుకుని ఫోను తీసుకుంటే చెయ్యి చురుక్కుమంది. తెర నల్లగా ఉంది. ఫోను వేడెక్కింది, చల్లబడేదాకా పనిచేయదని ఒక్క ముక్క. పొద్దున్నుంచీ ఎండలో పెట్టింది నేనే. ఎంతసేపు రికార్డయిందో తర్వాత చూశాను. పాట మొదలు కాకముందు నా దగ్గు ఉంది, అంతే.

అప్పుడు నేను చేసింది రాయడానికి చెయ్యి రావడం లేదు. చిన్నసామి ఇంకా లేవలేదు. జనం ఇంకా కదల్లేదు. నాకు మల్లిగ మొహం ఒక్కటే కనిపించింది. ముప్పై ఏళ్ల అలవాటు నోట్లోంచి ఊడిపడింది.

"అన్నా! వన్స్ మోర్! ఒక్కసారి, ఒక్కసారి మళ్లీ!"

ఆ ఇంగ్లీషు ముక్క తెలియనివాళ్లకు కూడా ఆ 'మళ్లీ' అర్థమైంది. మడిలో తలలన్నీ నా వైపు తిరిగాయి. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ అంటూ ఉండేది. ఊరివాళ్లు రాకూడని చోటికి రాజమ్మ గబగబా వచ్చేసింది. ముప్పై ఏళ్లు తలెత్తి చూడని మనిషి, తన చీర కట్టుకున్న భర్తను చూసి, తర్వాత నన్ను చూసింది.

"ఒగ మొగుడికి రెండు దపాలు ఏడిపిస్తారా సార్ మీ ఊర్లో?"

చల్లారని ఫోను చేతిలో పట్టుకుని నిలబడ్డాను. చిన్నసామి చేట అందుకుని నెమ్మదిగా లేచాడు. నా చేతిలోని ఫోను వైపు చూశాడు. అర్థమైందనుకుంటాను.

"పోయినోడు పోయినాడు సామీ" అన్నాడు, అంతే.

జనం కదిలారు. మట్టిరాజును చేతులతో పెళ్లగించి తలా ఒక ముద్ద తీసుకున్నారు. ఆ మట్టి గింజల గాదెలో వేస్తే గింజ తరగదని అక్కడ నమ్మకం. ఎవరో ముసలాయన నా చేతిలోనూ ఒక ముద్ద పెట్టాడు. నన్ను తిట్టి పంపి ఉంటే బాగుండేది.

మళ్లీ గోదాము

మర్నాడు సాయంత్రం నాటకం. తిరిగి వెళ్లిపోతానంటే మల్లిగ ఒప్పుకోలేదు. "మీరు చూసే పోవాల సార్" అంది. కళ్లు వాచి ఉన్నాయి.

గోనెసంచుల మీద అరవై మంది దాకా కూర్చున్నారు. చిన్నసామి, రాజమ్మ ముందు వరసలో. తన పక్కన చోటుంది రమ్మని ఆయనే సైగ చేశాడు. వెళ్లి కూర్చున్నాను. రాజమ్మ మొహం తిప్పుకోలేదు, పలకరించనూ లేదు.

నాటకం మొదలైంది. గిన్నెలు తోమారు, వాకిలి ఊడ్చారు, శవాన్ని వెతికారు. ఆ ఖాళీ వచ్చింది. మల్లిగ గోదాము మధ్యకు వచ్చి, ఒడిలోంచి పడుకళం మట్టిముద్ద తీసి నేల మీద పెట్టి, దాని పక్కన కూర్చుంది. ఎవరూ కదల్లేదు. పైన ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఒక నిమిషమయ్యేసరికి వెనక ఎవరో ఇబ్బందిగా కదిలారు. నాకు లేచి పారిపోవాలనిపించింది. ఆ ఖాళీ నేను చేసింది. తల వంచుకుంటే పక్కన చిన్నసామి చెయ్యి కనిపించింది. చూపుడువేలు మోకాలి మీద తాళం వేస్తోంది. పెదవులు మూసి ఉన్నాయి. తువ్వాలు కింద గొంతు కదులుతోంది. వేలు పరిగెత్తింది, ఒకచోట నిలబడిపోయింది. అక్కడేముందో నాకు తెలుసు. తలెత్తి చూస్తే, అవతల నేల మీద కూర్చున్న మల్లిగ కళ్లు మట్టి మీద లేవు. తండ్రి వేలి మీద ఉన్నాయి. వేలు మళ్లీ నెమ్మదిగా నడిచి, ఆగింది. అది ఆగిన క్షణానే ఆమె మట్టి తీసుకుని లేచింది.

నా వెనక కూర్చున్న లెక్చరరు నాటకం అయ్యాక ఇంగ్లీషులో మెచ్చుకున్నాడు. నాలుగు నిమిషాలు ఏమీ లేకుండా ఉంచడం ఎంత ధైర్యమైన ప్రయోగమో అన్నాడు. రాజమ్మకు ఇంగ్లీషు రాదు. నేను తలూపాను.

బస్సెక్కించేటప్పుడు మల్లిగతో "క్షమించమ్మా" అన్నాను. "నాయన పాడినాడు గదా సార్" అంది. పెట్టె నా చేతికిచ్చి, "నాకే వినపడలేదు" అంది.

ఇంటికి వచ్చాక

ఆపరేషన్ అయింది. మనిషి మిగిలాడు, గొంతు మిగల్లేదు. మల్లిగ వారానికోసారి ఫోన్ చేసి పాట గురించి అడుగుతుంది. అంత దగ్గరగా కూర్చున్న వాద్యగాళ్లలో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. తీరిగ్గా గుర్తు చేసుకుని పెట్టె మీద వాయించి వినిపిస్తాను. మొదటి రెండు లైన్లు వస్తాయి. కూర సంగతి వస్తుంది. "నా బిడ్డా" దగ్గరికి వచ్చేసరికి నాకు పాట గుర్తు రాదు, నా కేకే గుర్తొస్తుంది. "ఈ రోజుకు సాలు సార్" అంటుంది ఆ పిల్ల, నా మీద జాలితో.

మట్టిముద్ద మా బియ్యం డబ్బాలో వేశాను. అదేమిటని మా ఆవిడ అడిగితే, గింజ తరగదట అన్నాను.

మొన్న మా ఊళ్లో నాటకం. శ్మశానం సీను. పాడినవాడు కుర్రవాడు, బాగా పాడాడు. ఎప్పటిలాగే జనం వన్స్ మోర్ అని ఈలలు వేశారు. కుర్రవాడు దణ్ణం పెట్టి, శ్రుతి కోసం నా వైపు తిరిగాడు. నా చెయ్యి మెట్ల మీదికి వెళ్లలేదు. పెట్టె మూసేసి, తెర పక్కనుంచి దిగి, ఇంటికి నడిచి వచ్చేశాను.